ఫస్టు నుంచి ఫార్టీ థర్డు దాకా

ఇంగ్లీషు టీచరుగా నా సర్వీసు మొత్తంలో నేను తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికంటే చెత్తది ఏదని ఎవరైనా అడిగితే నేను తడుముకోను. తల దించుకోను కూడా. మీసం దువ్వి మరీ చెప్తాను. ములుగు అవతల ఒక సర్కారు హైస్కూల్లో, ఆరో తరగతిలో, ఫస్ట్, సెకండ్, థర్డ్ అనే మాటల్ని పిల్లలకు చిల్లరగా పంచేశాను. తలా ఒకటి. నలభై ముగ్గురు పిల్లలు, నలభై మూడు మాటలు. ఒకరి మాట ఇంకొకరు ముట్టుకోవద్దని కట్టుబాటు కూడా పెట్టాను. ఇంత తెలివైన తప్పు మా జిల్లాలో ఇంకో టీచరు చేసి ఉండడని నా గట్టి నమ్మకం. ఎవరైనా చేసి ఉంటే చూపించండి, వాళ్ల ఊరికి వచ్చి శాలువా కప్పుతాను.

కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న పిల్లలు నా దగ్గరికి వచ్చి, "సార్, మీ అనుభవాలు చెప్పండి" అంటుంటారు. ప్రమోషన్లు, బదిలీలు, సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరా, ఇవన్నీ మీకూ వస్తాయి, వద్దన్నా వస్తాయి. వాటి గురించి నేను చెప్పను. ఈ ఒక్క తప్పు గురించి చెప్తాను. నాకు పాఠం చెప్పడం వచ్చిందంటే అది దీని పుణ్యమే.

దుకాణం తెలివి

వరంగల్ చౌరస్తా వెనక సందులో మా బాపుది స్టీలు సామాన్ల దుకాణం. నేను అక్షరాల కంటే ముందు బేరం నేర్చుకున్నాను. కొనడానికొచ్చిన గిరాకీ చెప్పిన ధరకు నొచ్చుకున్నట్టు మొహం పెట్టడం, "మీరు కాబట్టి" అనడం, మెట్లు దిగుతున్న మనిషిని సరిగ్గా రెండో మెట్టు మీద వెనక్కి పిలవడం, ఇవన్నీ నాకు పాలతో పాటే అబ్బినవే.

మా దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. పనివాళ్లు నలుగురు. ఒకరికి గ్లాసుల అర, ఒకరికి పళ్లేల అర, ఒకరికి బిందెలు, ఒకరికి టిఫిన్ క్యారియర్లు. ఎవరి అర ధరలు వాళ్లకే తెలియాలి. గిరాకీ బిందె అడిగితే బాపు గల్లా మీద నుంచి కదలకుండా, "ఎల్లయ్యా, బిందెంత?" అని కేకేసేవాడు. జవాబు బాణంలా వచ్చేది. దుకాణానికి అన్ని ధరలూ తెలుసు. దుకాణంలో ఏ ఒక్కరికీ అన్నీ తెలియవు. అయినా వ్యాపారం బ్రహ్మాండంగా నడిచేది.

బాపు దుకాణం నాకు ఇస్తానన్నాడు. నేను టీచరు ఉద్యోగం వచ్చిందని వెళ్లిపోయాను. దుకాణాన్ని వదిలానని అనుకున్నానే గానీ దాన్ని సంచీలో పెట్టుకుని తరగతి గదిలోకి తీసుకుపోయానని నాకు తర్వాత తెలిసింది.

మూడు గిన్నెలు, మూడో గిన్నె

పాఠం సంగతికొద్దాం. వన్, టూ, త్రీ అంటే ఎన్ని అని. ఫస్ట్, సెకండ్, థర్డ్ అంటే ఎన్నోది అని. తేడా చిన్నదే అనిపిస్తుంది. మా దుకాణంలో దాని బరువు తెలుస్తుంది. "మూడు గిన్నెలు ఇయ్యి" అన్న గిరాకీ దేవుడు. పైనుంచి మూడు తీసి ఇస్తే పని అయిపోతుంది. "ఆ దొంతిల మూడో గిన్నె ఇయ్యి" అన్న గిరాకీ ఉన్నాడే, వాడు కొనేది ఒక్కటే, కానీ దొంతి మొత్తం దింపిస్తాడు. కింది నుంచి మూడోదా, పై నుంచి మూడోదా అని మళ్లీ పంచాయితీ. మొదటివాడికి లెక్క కావాలి, రెండోవాడికి చోటు కావాలి.

తెలుగులో మనకు బాధ లేదు. మూడుకు ఒక చిన్న తోక తగిలిస్తే మూడో అవుతుంది. ఇంగ్లీషు వాడు మాత్రం మొదటి ముగ్గురికీ మొహాలే మార్చేశాడు. వన్‌కీ ఫస్ట్‌కీ చుట్టరికమే కనబడదు. నాలుగు నుంచి దారికొచ్చి, వెనక ఒకే రకం తోక తగిలించుకుంటూ పోయాడు. నేను పిల్లలకు ఇట్లా చెప్పేవాణ్ని: ఫస్టు సేటు, సెకండు సేటమ్మ, థర్డు వాళ్ల పెద్ద కొడుకు. వీళ్లు ఏ డ్రెస్సులోనైనా దుకాణానికి వస్తారు. ఫోర్త్ నుంచి అందరూ పనివాళ్లు, యూనిఫాం వేసుకోవాలి. పిల్లలు నవ్వేవాళ్లు. నవ్వారు గానీ నేర్వలేదు. ట్వెల్త్ దగ్గర ఒకడు ఆగితే, ట్వెంటియత్ దగ్గర ఇంకొకడు పడేవాడు.

అంతలో పై అధికారి తనిఖీకి వస్తున్నాడని కబురు వచ్చింది. మా హెడ్మాస్టరు కరీం సారు నన్ను పిలిచి, "జర ఇజ్జత్ కాపాడు భాయ్" అన్నాడు.

నా బుర్రలో ఎల్లయ్య బిందె మోగింది. ఒక్కో పిల్లకు అన్నీ ఎందుకు? తలా ఒకటి చాలదా?

మర్నాడు పొద్దున గేటు దగ్గర నిలబడి, వచ్చిన వరసలో మాటలు పంచాను. బడి గోడకు ఆనుకుని ఇల్లున్న రమేశ్ పళ్లు తోముకుంటూ వచ్చి ఫస్టు పట్టుకుపోయాడు. ఊరి పిల్లలు మధ్యవి తీసుకున్నారు. అడవి పల్లెల నుంచి జీపులో వచ్చే పిల్లలు ఎప్పటిలాగే గంట కొట్టాక దిగారు, వాళ్లకు చివరివి మిగిలాయి. అందరికంటే చివర, చేతులు ఊపుకుంటూ, రాణిగారిలా నడిచి వచ్చింది సారక్క అనే పిల్ల. బక్కగా ఉంటుంది, గొంతు మాత్రం మైకు. ఆమెకు ఫార్టీ థర్డ్ ఇచ్చాను.

తనిఖీ

అధికారి వచ్చాడు. నేను చిటికె వేశాను. ఫస్ట్, సెకండ్, థర్డ్... రైలు కదిలినట్టు తరగతి కదిలింది. ఒక్క పెట్టె పట్టాలు తప్పలేదు. చివర్లో సారక్క "ఫార్టీ థర్డ్!" అని కూత వేసేసరికి అధికారి చప్పట్లు కొట్టాడు. కరీం సారు నా వైపు చూసి కన్ను గీటాడు.

అక్కడితో వెళ్లిపోయి ఉంటే నేను ఉత్తమ ఉపాధ్యాయుణ్ని అయ్యేవాణ్నేమో. అధికారికి పిల్లలంటే ఇష్టం. రమేశ్ భుజం మీద చెయ్యి వేసి, "ఏ క్లాసు చదువుతున్నావు? ఇంగ్లీషులో చెప్పు" అన్నాడు.

"ఫస్ట్, సార్!"

"ఆరో తరగతి కాదా?"

"ఫస్ట్, సార్!" రమేశ్ తన సరుకు వదలడు.

అధికారి ఇంకో పిల్లవాణ్ని లేపాడు. "సంవత్సరంలో ఆగస్టు ఎన్నో నెల?"

"నైన్టీన్త్, సార్!"

అధికారి మొహంలో నవ్వు మొలకెత్తింది. చివరి బెంచీ దాకా నడిచి సారక్కను అడిగాడు. "మీ అమ్మానాయినకు నువ్వు ఎన్నో బిడ్డవమ్మా?"

సారక్క లేచి, గుండె నిండా గాలి పీల్చుకుని, కిటికీలు అదిరేలా చెప్పింది. "ఫార్టీ థర్డ్, సార్!"

అధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మీ నాయినకు దండం వెట్టాలె బిడ్డా" అన్నాడు. గది పగిలిపోయింది. పిల్లలు బెంచీలు కొట్టారు. కరీం సారు గోడ వైపు తిరిగి భుజాలు కదిలించాడు. నేనూ నవ్వాను. నవ్వనిది ఒక్క సారక్కే. చెప్పమన్నది చెప్పింది, గట్టిగా చెప్పింది, మరి వీళ్లకేమైంది అన్నట్టు అందరి మొహాలూ చూసి, మెల్లగా కూర్చుంది.

అధికారి వెళ్లాక కరీం సారు నన్ను గదికి పిలిచాడు. చెడ్డ పై అధికారి తిడతాడు. మంచివాడు తప్పుకు పేరు పెడతాడు.

"సర్కారు నీకు బడి ఇస్తే నువ్వు రేషన్ దుకాణం వెట్టినవ్ గదయ్యా. తలకొకటి! కార్డు జూపి తీస్కపొమ్మన్నవ్."

అంతకంటే బాగా నా తప్పును నేటి వరకూ ఎవరూ చెప్పలేదు.

ముందు సీటు

ఆ తర్వాత సారక్క రెండు రోజులు వచ్చింది, మూడో రోజు నుంచి రాలేదు. జీపు పిల్లలను అడిగాను. ఒకడు చెప్పాడు. "అందరు ఫార్టీ థర్డు, ఫార్టీ థర్డు అంటాండ్రని ఏడ్సింది సార్. ఇగ రాదట. మిర్పకాయల కాడికి పోతాంది."

కరీం సారు హాజరు పట్టీ తెరిచి పెట్టుకుని అడిగాడు. "పేరు కొట్టెయ్యమంటవా, పిల్లను తెచ్చుకుంటవా?"

"తెచ్చుకుంటాను సార్."

"పెద్ద బేరగానివి గదా, పో. ఒట్టి చేతుల్తోని వచ్చినవంటే నీ మీసం దీసి బడి గేటుకు తోరణం గడత."

ఆ సాయంత్రం పిల్లల జీపు ఎక్కబోయాను. సారును కదా, నేరుగా డ్రైవరు పక్క సీటు తలుపు తీశాను. లోపల అంతకుముందే ఒక బుడ్డోడు కూర్చుని ఉన్నాడు. కాళ్లు కింద ఆనడం లేదు.

"ఇయ్యాల గీ సీటు నాది సార్" అన్నాడు.

డ్రైవరు యాకూబ్ వైపు చూశాను. అతను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని నవ్వాడు. "నన్నేమనకుండ్రి సార్, ఇది పిల్లల కానూను. ఇయ్యాల ఎనుక యాలాడినోడు రేపు ముందల కూసుంటడు. తక్కినోళ్లు ఒక్కో సీటు ఎనుకకు జరుగుతరు. కొత్తగ ఎవలెక్కినా ఎనుకకే. కలెక్టరొచ్చినా గంతే."

వెనక కడ్డీ పట్టుకుని వేలాడాను. గుంతల రోడ్డు. పళ్ల సందుల్లోకి ఎర్ర దుమ్ము. ముందు సీటు బుడ్డోడు మెడ తిప్పి నన్ను చూసి, "మంచిగున్నదా సార్?" అని కుశలం అడిగాడు. "రేపు ముందు సీటు నాదే కదా" అన్నాను. "రేపు ఎక్కితెనే" అన్నాడు. అంత చిన్న వయసులో అంత ఖచ్చితమైన షరతు చౌరస్తాలో కూడా వినలేదు.

మిరపకాయల బేరం

సారక్క ఇంటి ముందు మిరపకాయలు ఎర్రగా గుట్ట పోసి ఉన్నాయి. తల్లి, తండ్రి నర్సయ్య, సారక్క ముగ్గురూ చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తున్నారు. నన్ను చూసి పిల్ల తల ఎత్తలేదు.

బేరంలో మొదటి సూత్రం, వచ్చిన పని వెంటనే చెప్పకూడదు. రెండోది, చేతులు ఖాళీగా ఉంచకూడదు. నేనూ ఒక మూల కూర్చుని తొడిమలు తీయడం మొదలుపెట్టాను.

"మీకెందుకు సార్ గీ పని?" అన్నాడు నర్సయ్య.

"చేతులకు ఏం తోస్తలేదు నర్సన్నా. బిడ్డను ఎందుకు ఆపినవ్?"

"నేనేడ ఆపిన? మీరే గద సార్ నలభై ముగ్గురిల ఆఖరుదని నంబరేసిండ్రు. ఆఖరుదాన్ని బడికి తోల్తే ఏం ఫాయిదా? చేన్ల గంప నింపుట్ల మా పిల్ల ఫస్టు. ఫస్టున్న కాడ ఉండనియ్యుండ్రి."

దెబ్బ సరిగ్గా తగిలింది. నేను పిల్లకు పేరుగా అంటగట్టిన మాటను ఈయన చోటుగా వాడుతున్నాడు. బడిలో ఆఖరు, చేనులో ఫస్టు. మాటకు అర్థమే అది. నేను సర్దుకుని ధర చెప్పాను.

"టెన్త్ దాకా చదివిద్దాం."

"టెన్తా! ఈ సిక్స్తు పూర్తి జేపియ్యుండ్రి సాలు."

"నైన్త్ అన్న చెయ్యి."

"సెవెంత్. మీరింత దూరం యాలాడుకుంట వచ్చిండ్రని."

"ఎయిత్ అను, నేను లేస్తా."

నర్సయ్య మిరపకాయ తిప్పి చూస్తూ ఆలోచించాడు. ఆ ఒక్క క్షణం ఊపిరి తీసుకుందామని, మొహం మీది దుమ్ము తుడుచుకుందామని, నేను రెండు చేతులతో కళ్లు నలుపుకున్నాను.

చౌరస్తాలో పెరిగినవాడు చేయాల్సిన పని కాదది. భూమి ఆకాశం ఏకమయ్యాయి. కళ్ల నుంచి ధారలు. ముక్కు నుంచి వేరే ధార. మాట పెగలడం లేదు. సారక్క తల్లి గొంతు వినబడింది. "అయ్యో, సూడుండ్రి. పిల్ల కోసం సారు ఎట్ల ఏడుస్తాండో. కన్న తండ్రివి, నీకు గూడ లేదు గంత బాధ."

నర్సయ్య గొంతు మెత్తబడింది. "ఊకోండ్రి సార్, ఊకోండ్రి. ఎయిత్ దాకనే గానియ్యుండ్రి. గిదానికి గంత దుఃఖమేంది?"

ఇది మిరపకాయ ఘాటని చెప్పాలి. చెప్పలేదు. దేవుడిచ్చిన కన్నీళ్లను తిప్పి పంపేవాడు దుకాణదారు కొడుకు ఎట్లా అవుతాడు?

అప్పుడు వినబడింది నవ్వు. సారక్క! కడుపు పట్టుకుని, గుట్ట మీద పడిపోతుందేమో అన్నట్టు నవ్వుతోంది. చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతుల మీద పోస్తూ, వాళ్లమ్మకు వినబడకుండా అంది. "మిర్పకాయ చేతుల్తోని ఎవలన్న కండ్లు నలుపుకుంటరా సార్?"

"ఎవరికీ చెప్పకు" అన్నాను.

"చెప్ప. గని నాకు రెండు గావాలె."

గుట్టు చేతికి చిక్కిన గిరాకీతో బేరం ఆడకూడదని మా బాపు చెప్పేవాడు. అయినా అడిగాను. "ఏంటవి?"

"నంబర్లు జీపుల సీట్ల లెక్క తిరగాలె. దినం దినం. ఇయ్యాల ఆఖర్న ఉన్నోళ్లు రేపు ఫస్టు. ఆ దినం నేనెందుకు ఆఖర్న వచ్చిననో ఎరుకేనా మీకు? ఆ దినం ముందల సీటు నాదే. ఉరుకుడెందుకని నిమ్మలంగ దిగిన. మీరు దానికి ఫార్టీ థర్డు ఇచ్చిండ్రు."

రాణిగారిలా నడిచి వచ్చిందన్నాను కదా. ఆ రోజు ఆ పిల్ల నిజంగానే రాణి. నేను గేటు దగ్గర నిలబడి కిరీటం తీసి తోక తగిలించాను.

"రెండోది?"

"మీరు గూడ మా లైన్ల నిలవడాలె."

"నేనా? నేను సారును."

"జీపుల నిలవడ్డరు గద."

వదిలిపెట్టడం నా రక్తంలో లేదు. "వారానికి ఒకసారి తిప్పుదాం" అన్నాను.

"దినం."

"రోజు మార్చి రోజు. మీరు కాబట్టి."

సారక్క చెంబు కింద పెట్టింది. "నాకు తొడిమెలున్నయ్ సార్" అని వెనక్కి తిరిగి నడిచింది. ఒక అడుగు. రెండో అడుగు. నేను జీవితమంతా గిరాకీల మీద ప్రయోగించిన అస్త్రం తిరిగి నా మీదికే వచ్చింది.

"ఆగు బిడ్డా, ఆగు. దినమే! రోజూ తిప్పుదాం!"

తిరిగే వరస

మర్నాడు జీపు దిగి సారక్క వచ్చింది. నేను తరగతిని వరండాలో వరసగా నిలబెట్టి కొత్త కానూను చెప్పాను. నిన్నటి ఆఖరు ఇవాళ ఫస్టు, మిగతా అందరూ ఒక్కో చోటు వెనక్కి. రమేశ్ ఏడుపు మొహం పెట్టాడు. "సార్, నాది పాతది, నాకే ఉండనియ్యుండ్రి" అన్నాడు. వాడిలో మంచి వ్యాపారి ఉన్నాడు.

సారక్క వరస ముందుకు నడిచి వెళ్లింది. ఈసారి గొంతు చించుకోలేదు. చాలా మెల్లగా, పాయసం చివరి చెంచా తింటున్నట్టు, "ఫస్ట్" అంది. వరస వెనక్కి పాకుతూ వచ్చి చివర నా దగ్గర ఆగింది.

"ఫార్టీ ఫోర్త్" అన్నాను.

వరండా ఎగిరిపోయింది. ఆ రోజు నుంచి ఆ బడిలో నా పేరు అదే. ముందు నుంచి "నమస్తే సార్", వెనక నుంచి "ఫార్టీ ఫోర్తొస్తాండు, ఉరుకుండ్రి". మర్నాడు కానూను ప్రకారం నేను ఫస్టు. వరస ముందు ఛాతీ విరుచుకుని నిలబడితే సారక్క పక్కనే సెకండ్‌లో నిలబడి, "ఎక్కువ మురువకుండ్రి సార్, రేపు దిగుతరు" అంది.

ఆ వరస అట్లా తిరుగుతూనే ఉంది. ప్రతి పిల్లా ప్రతి చోటులో నిలబడింది. ట్వెల్త్ దగ్గర నా నాలుక పళ్ల మధ్య ఇరుక్కుని చిందులు వేస్తే పిల్లలు వంతులు వేసుకుని నాకు నేర్పారు. కొన్నాళ్లకు వాళ్లకు మాటలన్నీ వచ్చాయి. అంతకంటే ముఖ్యమైనది కూడా వచ్చింది. ఫస్ట్ అంటే రమేశ్ కాదు. ఫార్టీ థర్డ్ అంటే సారక్క కాదు. అవి మనిషి పేర్లు కావు, మనిషి ఇవాళ నిలబడ్డ చోట్లు. ఇంగ్లీషులో ఆ మాటల అర్థం అదే. నేను పుస్తకంలో చదివాను. జీపు పిల్లలు రోజూ ఎక్కి దిగారు.

కరీం సారు ఒకరోజు గదిలోకి వచ్చి సారక్కను లేపాడు. గది మొత్తం బిగుసుకుపోయింది. "మీ అమ్మానాయినకు నువ్వు ఎన్నో బిడ్డవమ్మా?"

"సెకండ్, సార్" అంది సారక్క. ఆ వెంటనే, "లైన్ల నంబరు గాదు సార్, ఇది నిజం నంబరు. లైన్ల ఇయ్యాల సెవెంటీన్త్" అంది.

కరీం సారు బయటికి పోతూ నా మీసం వైపు చూసి, "బతికిపోయింది" అన్నాడు.

కొత్తవాళ్లకు నాలుగు మాటలు

పిల్లలకు ఈ మాటలు రావని అనుకోకండి. వాళ్ల జేబుల్లో ముందే ఉంటాయి. టెన్ ఫెయిల్ అయ్యాడని ఎవరైనా అంటారా? టెన్త్ ఫెయిల్ అంటారు. టూ షోకు ఎవరూ పోరు, సెకండ్ షోకు పోతారు. జీతం ఫస్టు తారీఖున, చదువు ఇంటర్ ఫస్టియర్. నర్సయ్య బడి మెట్టు ఎక్కకుండానే టెన్త్ నుంచి సెవెంత్ దాకా నాతో బేరం ఆడాడు. తర్వాత ధర్మసాగర్ బడిలో పనిచేసినప్పుడు నేను పాఠం ఇక్కడి నుంచే మొదలుపెట్టాను. "ఎవరింట్లో సెకండ్ హ్యాండ్ సామాను ఉంది?" అంటే చేతులు అడవిలా లేచేవి. ఒకడు, "మా బాయి మోటరు థర్డ్ హ్యాండ్ సార్" అన్నాడు. మరిపెడలో ఒక పిల్ల లేచి, "మా బర్రె ఫోర్త్ హ్యాండ్ సార్, పాలు మాత్రం ఫస్టు" అంది. అంతకంటే మంచి ఉదాహరణ ఏ పాఠ్యపుస్తకంలో ఉంది?

ర్యాంకుల ప్రకారం పిల్లలను బెంచీల మీద కూర్చోబెట్టే బళ్లు ఇప్పుడు చాలా వచ్చాయి. నా మాట మొహమాటం లేకుండా చెప్తున్నాను. అది బద్ధకపు వ్యాపారం. సరుకు మీద చీటీ అతికించి ఏడాదంతా అర మీద వదిలేయడం. రోజూ దించి, తుడిచి, చోటు మార్చి పెడితేనే ఏ గిన్నెకు ఎంత మెరుపు ఉందో తెలుస్తుంది.

ఇంకొకటి. తరగతికి వచ్చిందంటే పిల్లకు వచ్చిందని కాదు. నలభై గొంతులు కలిసి పాడితే మంచి పాటే. ఒక్క గొంతును పక్కకు పిలిచి అడగండి. అధికారి అడగకముందే అడగండి.

మిరపకాయల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

బిల్లు

నా రిటైర్మెంటు సభకు సారక్క వచ్చింది. ఎయిత్‌కు బేరం కుదిరిన పిల్ల టెన్త్ దాకా తనే చదివింది, ఆ తర్వాత నర్సు పని నేర్చుకుంది. ఇప్పుడు వాళ్ల పక్క పల్లెల్లోనే ఏఎన్ఎం. గర్భిణులకు ఎన్నో నెల, పిల్లలకు ఎన్నో టీకా అని రోజంతా అవే మాటలతో పని. వేదిక దగ్గరికి వచ్చి, అందరూ వింటుండగా అడిగింది.

"ఫార్టీ ఫోర్త్ సార్, ఇప్పుడన్న నిజం చెప్పుండ్రి. మా అవ్వ ఇంక గదే ముచ్చట చెప్తాంది, సారు నీ కోసం ఏడ్సిండు అని. ఆ దినం ఏడ్సిండ్రా, మిర్పకాయనా?"

సభ నవ్వింది. నేనూ నవ్వి తప్పించుకున్నాను. కానీ దుకాణం మూసే ముందు లెక్క తేల్చాలి. ఇదిగో.

నేను ఇచ్చినవి: నలభై మూడు మాటలు, మొదట తప్పుగా, తర్వాత సరిగ్గా. ఒక జీపు ప్రయాణం, వేలాడుతూ. నాకు వచ్చినవి: ఒక పాఠం, ఒక పేరు, చెక్కుచెదరని మీసం. ఇక్కడి దాకా నాకే లాభం. నాది ఉత్తమ బేరమని చెప్పుకోలేను. వెళ్లింది ఒక పిల్లను తేవడానికి, గెలిచింది ఆ పిల్ల. పాఠం చెప్పే పద్ధతి జీపుది, షరతులు సారక్కవి, సంతకం మాత్రమే నాది.

ఇక కన్నీళ్లు. మొదటి చుక్క మిరపకాయది. రెండోదీ దానిదే. మూడోది, ఆ పిల్ల మళ్లీ నవ్వడం విన్నప్పుడు కారింది చూడండి, అది నాది. నాలుగో చుక్క నుంచి మళ్లీ మిరపకాయదే. లేనిది రాసుకోవడం మా దుకాణంలో లేదు.